పాతరలో పచ్చజొన్నలు

కిందటివారం నిరీక్షణపురం వాళ్ళను వానలో తడుస్తూ ఉండగా వదిలి వచ్చాం. మొహం చాటేసిన వాన హస్త కార్తెలో దొర్నిపాడు మీదుగా దిగింది. కుందూ ఏటికి ఎర్రనీళ్ళు తెచ్చి, పగుళ్ళిచ్చిన నల్లరేగడిని మళ్ళీ మెత్తబరిచింది. జనం గుడిసెల్లోంచి బయటికి వచ్చి తడిశారు. ముసలివాళ్ళు కూడా తడిశారు. జ్వరం వస్తుందేమోనని ఎవరూ అనుకోలేదు.

అంతకు ముందు సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. కర్నూలు రాజధాని అయిన ఏడాది, ఆళ్ళగడ్డ తాలూకాలో ఒక పెద్ద బంజరును సర్కారు కొన్ని క్రైస్తవ కుటుంబాలకు ఇచ్చింది. నంద్యాలలో బియ్యం మిల్లుల్లోనూ రైతుల కల్లాల్లోనూ కూలి చేసుకుని బతికినవాళ్ళు వాళ్ళు. షరతు ఒక్కటే. మూడో ఏడు విత్తుల కాలం దాటేలోగా నేల సాగులోకి రావాలి. రాకపోతే పట్టా రద్దు. వాళ్ళు తట్టాబుట్టా బండ్లకెక్కించుకుని వచ్చి గుడిసెలు లేపారు. ఊరికి నిరీక్షణపురం అని పేరు పెట్టుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం 'కొట్టాలు' అనేస్తారు. మనిషి లోతు వేళ్ళు దిగిన మొండిగడ్డిని గడ్డపారలతో పెళ్ళగించారు. జతల కొద్దీ ఎద్దులు లాగే పెద్ద మడకను బతిమాలి తెచ్చి నేల తిరగేశారు. సర్కారు ఒక్కసారికే అని చెప్పి ఇచ్చిన విత్తనంతో పచ్చజొన్న ఒక పంట తీశారు. తినగా మిగిలిన గింజను మళ్ళీ విత్తడానికని పాతరలో పోశారు. పాతర అంటే నేలలో తవ్విన గొయ్యి. చుట్టూ చొప్ప పరిచి, గింజలు పోసి, నోరు మూసి, పైన మట్టి మెత్తుతారు.

ఆ మరుసటేడు చినుకు రాలలేదు. విత్తే గొర్రు కట్టనే లేదు. ఎంత ఆకలైనా పాతర జోలికి పోకూడదని అందరూ తమ ప్రార్థన గుడిలో నిలబడి ప్రమాణం చేశారు. ఆ మాట నిలబెట్టే పని, చిన్నప్పుడే తండ్రి దగ్గర పాతర పని చూసిన లూదియా మీద పెట్టారు. ఎండాకాలంలో కృపావతి తన కూతురికి గంజి కాచి పోయడానికి ఒక్క దోసెడు జొన్నలు అడగడానికి వచ్చినప్పుడు, పాతర మూత మీద కూర్చున్నది ఈ లూదియానే. కృపావతి కాళ్ళు పట్టుకుంది. లూదియా ఏడ్చింది గాని లేవలేదు. పాప పోయింది. ఆనాటి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

వాన కురిసిన మర్నాడు పాతర నోరు తీశారు. లోపలి చెడ్డగాలి పోయేదాకా ఆగి, లాంతరు దించి అది ఆరకపోవడం చూసి, లూదియా భర్త సంజీవయ్య దిగాడు. గింజ చెక్కుచెదరలేదు. తట్టలు తట్టలుగా పైకి వచ్చింది. గుడి ముందు పోసిన రాశిని చూసి ఏడవనివాళ్ళు లేరు.

మరి ఏడుపు అక్కడితో ఆగితే మనకు ఈ వారం కథే లేదు.

ఆ పొద్దున పొలానికి రెండు గొర్లు, రెండు జతల ఎద్దులు వచ్చాయి. తోలుకొచ్చినవాడు పక్క ఊరి రైతు శేషయ్య. నిరీక్షణపురం మగవాళ్ళు ఆయన చేనిలో గడ్డి తవ్వి పెట్టినందుకు బదులుగా, విత్తేటప్పుడు గొర్లూ ఎద్దులూ ఇస్తానని ఆయన మాటిచ్చాడు. మాట తప్పే మనిషి కాదు. అలాగని మంచివాడని చెప్పడానికి నాకు నోరు రాదు. ఈ బంజరులో ఆయన తండ్రి నాటి నుంచీ వాళ్ళ గొడ్లు మేశాయి. దీన్ని వీళ్ళకు ఇవ్వొద్దని ఆళ్ళగడ్డ తాలూకా ఆఫీసు చుట్టూ ఆయన తిరిగిన సంగతి అందరికీ తెలుసు.

సంజీవయ్య గొర్రు మేడి పట్టుకున్నాడు. లూదియా కొంగు నడుముకు బిగించి, గొర్రు మీది జడ్డిగంలోకి, అంటే గింజలు వదిలే చిన్న గిన్నెలోకి, మొదటి పిడికెడు వదలబోయింది.

"ఇత్తనాలు యాడియమ్మా?" అన్నాడు శేషయ్య.

"మావే అప్పా. పాతరలోవి."

"పాతరలోవి తినేదానికి కదా. ఇత్తేదానికి యాడియి అంటాండా."

"ఇత్తేదానికీ ఇవే," అన్నాడు సంజీవయ్య.

శేషయ్య నవ్వబోయి, వాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాడు. లూదియా ఒడిలోంచి నాలుగు గింజలు తీసుకుని వాసన చూశాడు. ఒకటి కొరికాడు. ఉమ్మేశాడు.

"ఎద్దుల్ను ఆపు సంజీవయ్యా. పాతర గింజ మొలవదు. లోపలి ఉడుకుకు మొలక సచ్చిపోతాది. ఇయ్యి ఇత్తితే మట్టిలో మట్టి."

ఇది వినగానే గట్టు మీది నుంచి రాజరత్నం పంతులు దిగి వచ్చాడు. నంద్యాలలో బడిపంతులుగా చేసి మానేసి, ఈ జనాన్నంతా ఇక్కడికి నడిపించుకు వచ్చిన మనిషి ఆయన. పట్టా కాగితం కోసం చెప్పులు అరగదీసింది కూడా ఆయనే.

"నీ ఎత్తు నాకు తెల్దా శేషయ్యప్పా? సోమవారం ఆరయ్య, ఆ రెవెన్యూ ఇనస్పెక్టరు, వస్తాడు సాగు చూసేదానికి. అప్పటికి మేము ఇత్తకుండా ఉంటే నీ గొడ్లు మళ్ళా ఈడ మేస్తాయి. అంతే కదా?"

"అంతే," అన్నాడు శేషయ్య. "ఈ నేల మీద నాకు ఆశ లేదని ఏపొద్దన్నా చెప్పినానా పంతులూ? ఉండాది. రేపు మీరు పోతే ఎల్లుండి నా గొడ్లు తోలుకొస్తా. అయినా గింజ మాట అబద్ధం చెప్పను. నేనూ మట్టి పిసుక్కునేటోణ్ణే."

 లూదియా ఊరుకోలేదు.

"మా నాయన మీ అట్లాటోళ్ళ పాతరలు నింపీ నింపీ సచ్చినాడప్పా. నేను చిన్నప్పుడు పక్కనే ఉండి చూసినా. ఎన్నేండ్లున్నా మీ గింజ చెడింది ల్యా."

"చెడదు తల్లీ. కూటికి చెడదు. అది తినేదానికి, కూలోళ్ళకు కొలిచేదానికి. ఇత్తనం యానాడన్నా పాతరలో పోసినామా? మా ఆడోళ్ళు కల్లంలోనే మంచి ఎన్నులు ఏరి ఇంట్లోకి తీసకపోతారు. పొయ్యి మీద పొగ తగిలే చోట వాసాలకు కడతారు. ఇది కూడా తెల్దా మీకు?"

"యట్ల తెలుస్తాదప్పా?" లూదియా గొంతు పెరిగింది. "కల్లం దాకా రమ్మన్నారు, వచ్చినాం. పాతరలోకి దిగమన్నారు, దిగినాం. మీ గడప దాటి లోపలికి ఏపొద్దన్నా రానిచ్చినారా, వాసాలకు ఏం కట్టుకున్నారో చూసేదానికి?"

శేషయ్య చేతిలో మిగిలిన గింజలు తిరిగి ఆమె ఒడిలో వేశాడు.  తరతరాలుగా ఈ జనం ఆ గింజను మోశారు, దంచారు, పాతర్లలో పోశారు, తీశారు. జొన్న గురించి వాళ్ళకు తెలియనిది ఒక్కటే, అది గడప లోపల ఉండేది. పొలం చేతికి వచ్చిన నాడు పెద్దరైతులు చేసినట్టే మనమూ చేద్దామని, కళ్ళతో చూసినంత మటుకు ఒక్క పొల్లు పోకుండా చేశారు. తలుచుకుంటే నాకు వాళ్ళ మీద కోపం రాదు. ఇంకెవరి మీదో వస్తుంది.

పంతులు మాత్రం నమ్మలేదు. విత్తి తీరాలన్నాడు. నేల పదును ఆరిపోతోంది, రెండు రోజులు దాటితే గొర్రు దిగదు అన్నాడు. చివరికి లూదియానే దారి చెప్పింది. శేషయ్య ఇంటి నుంచి రెండు ఎన్నులు తెప్పించింది. ఆ గింజలు ఒక గుడ్డలో, తమ గింజలు ఇంకో గుడ్డలో కట్టి, తడిపి, రెంటినీ చొప్పలో చుట్టి పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి, ఏవి మొలుస్తాయో శనివారం విప్పి చూద్దామంది.

ఆ రెండు రోజులూ నిరీక్షణపురంలో ఎవరూ పని చేయలేదు. చేయడానికి పని లేదు. వాన వెలిసి ఎండ కాసింది. అలాంటి ఎండ మామూలు రోజుల్లో అయితే అందరూ మెచ్చుకునేవాళ్ళే. ఇప్పుడు ఆ ఎండకే నల్లటి నేల పైపైన బూడిదరంగుకు తిరుగుతోంది. సంజీవయ్య గంటకోసారి పోయి మట్టిలోకి వేలు దింపి చూసి తిరిగి వచ్చేవాడు.

సంజీవయ్య తల్లి జీవమ్మ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఎండాకాలం నుంచీ ఆమె తిన్నది చెంచలాకు, చింతగింజల పిండి. తన వంతు గంజి కూడా పిల్లలకు పోసేసి పోసేసి, మంచానికి అంటుకుపోయిన మనిషి. రాశిలో ఉన్న జొన్నల వాసన తగిలి లేచి కూర్చుంది.

"అమ్మీ, మొలిచేది మొలవనీ. ఈలోపల ఒక పిడికెడు ఉడకెయ్యి. సంగటి కూడా వద్దు. గంజి చాలు."

"శనివారం దాకా ఆగత్తా. అయ్యి మొలిస్తే ప్రతి గింజా కావాల."

"నేను శనివారం దాకా ఉంటానో ల్యానో."

లూదియా మొహం తిప్పుకుంది. అత్తకు కూడా ఒక పిడికెడు పెట్టలేదు. ఆమెను రాతిగుండె అనుకునేవాళ్ళు అనుకోండి. ఆ రెండు రాత్రులూ ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

శనివారం పొద్దెక్కాక అందరూ గుడి ముందు చేరారు. గుడి అంటే పేరే, బోదగడ్డి కప్పు వేసిన ఒక కొట్టం. శేషయ్య కూడా వచ్చి కొంచెం దూరంగా నిలబడ్డాడు. కృపావతి జనం వెనక కూర్చుంది. పాప పోయినప్పటి నుంచి ఆమె అలా వెనకే కూర్చుంటోంది.

లూదియా మొదటి మూట విప్పింది. శేషయ్య ఇంటి గింజలు. ప్రతి గింజకూ తెల్లటి మొలక, అప్పుడే వచ్చిన పాలపన్నులా. వెనక ఎవరో ఒకామె "స్తోత్రం" అంది, అవి ఎవరి గింజలో తెలియక.

రెండో మూట లూదియా విప్పలేకపోయింది.  పంతులే తీసుకుని ముడి విప్పాడు. పులిసిన వాసన గుప్పుమంది. గింజలు ఉబ్బి, జిగటగా, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. పంతులు వాటిని అరచేతిలో పోసుకుని వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ చూశాడు. ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికాడు. చూసి చూసి, అలాగే నేల మీద కూలబడ్డాడు.

"ఒక్కటన్నా ల్యా," అన్నాడు. "ఒక్కటన్నా ల్యాకపాయ."

ఎవరూ పెద్దగా ఏడవలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో కొంచెం బలం ఉండాలి.

శేషయ్య ముందుకు వచ్చాడు. "నేను చెప్పేది వినండి. ఇత్తనం నేనిస్తా. మీకందరికీ చాలినంత ఉండాది. ఇయ్యాలే ఇత్తండి, పదును ఈ పొద్దు దాటితే ఉండదు. అయితే ఒక మాట. సోమవారం ఆరయ్య అడిగితే, సేద్యం శేషయ్యది, మేము సగం పాలికి చేస్తాండాం అని చెప్పాల."

"అట్ల చెప్తే పట్టా మాకు యాడుంటాది?" అన్నాడు సంజీవయ్య.

"ఉండదు. పంటలో సగం ఉంటాది. కూడు ఉంటాది. పొద్దుగూకేలోపల ఆలోచన చేసి చెప్పండి. ఎద్దులు అంతదాకా మీయే, మాటిచ్చినా కాబట్టి."

పంతులు నేల చూస్తూనే మాట్లాడాడు. "ఇంకో దావ ఉండాది. ఈ గింజలే ఇత్తేస్తాం. ఆరయ్య వచ్చి సాళ్ళు చూస్తాడు, సాగులో ఉండాదని రాసకపోతాడు. మొలిచేదాకా ఈడ కూర్చుంటాడా?"

పిల్లలకు అబద్ధం చెప్పొద్దని జీవితమంతా బెత్తం పట్టుకుని నేర్పిన మనిషి ఆయన. ఆ మాట అంటున్నప్పుడు ఎవరి కళ్ళలోకీ చూడలేకపోయాడు.

"అంటే తినే కూడు మట్టిలో పోసేదా?" అన్నాడు సంజీవయ్య. "రేపట్నించి తినేదేంది పంతులూ? మట్టా?"

"నేల పోతే మళ్ళా మిల్లు గేటు కాడ నిలబడాల్సిందే సంజీవయ్యా. మన బిడ్డలు, ఆళ్ళ బిడ్డలు."

అప్పుడు వెనక నుంచి కృపావతి లేచింది. నెలల తర్వాత నలుగురిలో ఆమె గొంతు వినిపించడం అదే మొదలు. అందరూ పక్కకు తప్పుకున్నారు.

"అప్పా," అంది శేషయ్యతో. "ఈ గింజలు తినేదానికి బాగుండాయా?"

"తినేదానికేం తల్లీ. లక్షణంగా ఉండాయి."

"ఎండాకాలంలో కూడా బాగుండెనా?"

"ఉండె."

"ఇత్తేదానికి? అప్పటికి బతికుండెనా, సచ్చిపోయింటాయా?"

శేషయ్యకు పాప సంగతి తెలియదు. మామూలుగానే చెప్పాడు. "ఏడాది దాటిన పాతర కదా. అప్పటికే సచ్చింటాయి."

కృపావతి తల ఊపింది, ఎవరో దారి చెబితే విన్నట్టు. లూదియాకు అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. చచ్చిన గింజలను కాపలా కాసి, బతికున్న బిడ్డను చంపుకున్నారు. కాపలా కాసింది తనే. ఆమె జనం మధ్యలోంచి పోయి కృపావతి ముందు నిలబడింది.

"నన్ను కొట్టు కృపా. ఉమ్మెయ్యి. ఏమన్నా చెయ్యి."

"నిన్ను కొడితే నాకేమొస్తాది."

"అయితే నువ్వే చెప్పు, ఇప్పుడు ఏం చేద్దామో. నా మాట ఒకతూరి ఇన్నారు, చాలు. నువ్వు తినమంటే వండుకుందాం. శేషయ్యప్ప ఇత్తనం తీసుకోమంటే తీసుకుందాం. నీ మాటకు ఎవరు అడ్డమొచ్చినా నేనూరుకోను."

పంతులు అవునన్నట్టు చేయి ఎత్తాడు. ఎవరూ కాదనలేదు. ఎలా కాదంటారు?

కృపావతి రాశి దగ్గరికి పోయి, మోకరించి, కొంగు పరిచి జొన్నలు నింపుకుంది. అది చూసి ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. గుడి పక్కనే ఉన్న తమ గుడిసె ముందు జీవమ్మ అప్పటికే గోడ పట్టుకుని లేచి, ఖాళీ కుండను పొయ్యి వైపు ఈడుస్తోంది. ఆ ముసలి మొహంలో చిన్నపిల్లకు వచ్చినంత సంతోషం వచ్చింది. కృపావతి లేచింది. పొయ్యి దాటింది. కుండ దాటింది. గొర్రు ఉన్న వైపు నడిచింది.

"ఎద్దుల్ను కట్టు సంజీవన్నా."

"కృపా, అది కూడమ్మా."

"తెలుసు. నా బిడ్డ అడిగిన కూడే ఇది." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "నా పాప ఈ నేల కోసరం సచ్చింది. ఈ నేలలోనే ఉండాది. దాని మీద శేషయ్యప్ప గొడ్లు మేసేదానికి నేను ఒప్పుకోను. ఆరయ్య సాళ్ళు చూసి పోనీ. ఏం తింటామో ఆ పైన చూద్దాం. ఆకు ఉండాది, గడ్డ ఉండాది. కట్టు."

సంజీవయ్య పంతులు వైపు చూశాడు. పంతులు కళ్ళు మూసుకున్నాడు. శేషయ్య గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుని, వెలిగించినదాన్ని తాగడం మరిచిపోయాడు. ఎద్దులను కట్టారు. గొర్రు నేలలో దిగింది. కృపావతి వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదలడం మొదలుపెట్టింది. పిడికిలి ఒక్కసారి కూడా తప్పలేదు. కడుపులు మండుతున్న జనం గట్టు మీద నిలబడి, తినదగిన పచ్చజొన్నలు సాలు వెంట మట్టిలోకి పోవడం చూశారు.

రెండో సాలు సగంలో ఉండగా ఒక పిల్ల కేక వేసింది. అందరూ వెనక్కి తిరిగారు.

జీవమ్మ పొలంలోకి వచ్చింది. నడవలేక చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతోంది. గొర్రు పోయిన మొదటి సాలును గోళ్ళతో గీకి, గింజలు ఏరి, మట్టితో సహా నోట్లో వేసుకుంటోంది. పళ్ళు లేని నోటితో నమలలేక మింగుతోంది. సంజీవయ్య "అమ్మా!" అని ఎద్దులను ఆపాడు. అతను మేడి వదిలేలోగానే ఆమె ముందుకు పాకి, ఎద్దుల ఎదుట అడ్డంగా పడుకుంది.

"నా మీద తోలుకోండి," అంది. "బంగారట్లాటి కూడు. నేను ఇత్తనీను. నన్ను తొక్కిచ్చి తోలుకోండి."

సంజీవయ్య మేడి వదలకుండా ఎద్దుల పగ్గాలు వెనక్కి లాగి పట్టుకున్నాడు.  పొద్దు అప్పటికే పడమటికి వాలింది. మిగిలిన పొలమంతా విత్తాలంటే ఒక్క గడియ కూడా పోగొట్టుకోవడానికి లేదు.

కృపావతి పక్కకు తిరిగి, గట్టు మీది జనంలో ఒక్క మనిషినే చూసింది.

"లూదియక్కా," అంది. పాప పోయాక ఆమె ఆ పిలుపు పిలవడం అదే మొదటిసారి. "నా బిడ్డకు వద్దని చెప్పినావు కదా. మీ అత్తకు కూడా చెప్పు."

లూదియా పొలంలోకి దిగింది. కాళ్ళకు రేగడి అంటుకుని ఒక్కో అడుగూ బరువెక్కింది. అత్త పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. జీవమ్మ గింజలున్న పిడికిలిని గుండెకు అదుముకుని, కోడలి వైపు భయంగా చూసింది.

"అత్తా, ఇయ్యి."

"ఇయ్యను."

"ఇయ్యత్తా."

"లూదియా!" వెనక నుంచి సంజీవయ్య గొంతు పగిలిపోయింది. "మాయమ్మ మీద చెయ్యి వేస్తే ఈ పొద్దుతో నువ్వు నాకు పెండ్లానివి కావు!"

లూదియా అత్త మణికట్టు పట్టుకుంది. పుల్లలా ఉన్న ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది. మేడి వదిలేసి అతను పరుగెత్తుకొస్తున్న అడుగులు ఆమెకు వినపడుతూనే ఉన్నాయి.